కూలర్లు ఆపిన ఆదివారం

నేను చేసి మానేసిన ఉద్యోగం ఏమిటో మా చర్చిలో పెద్దవాళ్ళకు చెప్పడం కష్టం. "ఆఫీసు పనండి" అని ఊరుకుంటాను. మీ కుర్రవాళ్ళ దగ్గర అలా తప్పించుకోలేను. మీలో కొందరు ఇప్పుడు అదే పనిలోకి వచ్చారు కదా.

నా పని చప్పుళ్ళు వినడం. ఎత్తైన భవనాల బయటి గోడలకు టైల్సు అంటిస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ కొన్నిచోట్ల వాటి వెనక సిమెంటు పట్టు వదిలేసి గుల్ల పడుతుంది. పైకి చూస్తే పెళ్ళికూతురిలా ఉంటుంది గోడ. ఒకరోజు ఉన్నట్టుండి ముక్క ఊడి కింద పడుతుంది. అది పడకముందే కనిపెట్టడం మా కంపెనీ పని. డ్రోన్‌కు ముందుకు చాచిన కడ్డీ ఒకటి ఉంటుంది. దాని కొసన చిన్న ఉక్కు గుండు, పక్కనే గోడకు ఆనే రబ్బరు కప్పులో మైకు. గుండు తడుతుంది, మైకు వింటుంది. గట్టిగా ఉన్న గోడ ఒకలా మోగుతుంది, గుల్ల పడింది ఇంకోలా. చాలావరకు కంప్యూటరే తేల్చేస్తుంది. దానికి అనుమానం వచ్చినవి నా హెడ్‌ఫోన్స్‌లోకి వచ్చేవి.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. మా అమ్మ కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి నర్సు. డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చుకోకుండా నాకు పాఠాలు చెప్పేది. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. పెళ్ళయి ఢిల్లీ వచ్చాక మునిర్కాలో ఒంటిగది కాపురం, టైపింగు పనులు, చివరికి ఈ కంపెనీలో రిపోర్టులు టైపు చేసే ఉద్యోగం. వాళ్ళు డ్రోన్లు కొన్నప్పుడు, "మీకు ఓపిక ఎక్కువ, మీరు విని చూడండి" అన్నారు. డిగ్రీ లేని మనిషిని, అదీ ఆ వయసులో, కొత్త పనిలో కూర్చోబెట్టారు. వాళ్ళ కోసం ఇప్పటికీ ప్రార్థనలో ఒక మాట చెప్పుకుంటాను. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మా జట్టులో ముగ్గురం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు మేడమ్. నా కూతురి వయసుంటుంది, మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. డ్రోన్ నడిపే పైలట్‌ది వరంగల్ వైపు. పెద్ద పరీక్షలకు చదవడానికి బేర్ సరాయ్‌లో గది తీసుకుని, కొన్నేళ్ళ తర్వాత ఆ పుస్తకాలన్నీ అదే సందులో అమ్మేసి డ్రోన్ లైసెన్సు తెచ్చుకున్నాడు. మూడో మనిషిని నేను. ఆఫీసు సాకేత్‌లో. అక్కడ డ్రోన్ గాలిలోకి లేపడానికి అనుమతి లేదు కాబట్టి మా పనంతా నోయిడా అవతలే. పైలట్ దాన్ని కారు సీట్లో పెట్టి బెల్టు కట్టేవాడు. "మా ఆవిడకు గూడ గింత జాగ్రత్తగ కట్టలే ఆంటీ" అనేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది గ్రేటర్ నోయిడాలో ఒక హౌసింగ్ సొసైటీ సంగతి. పాత భవనం. ఒకరోజు తెల్లవారుజామున దాని ఉత్తరం గోడ నుంచి ఒక టైలు ఊడి, కింద క్రెష్ గుమ్మం ముందు పడి ముక్కలైంది. పిల్లలు ఇంకా రాలేదు, దేవుని దయ.

ఆ క్రెష్ నడిపేది ఒక తెలుగావిడ, పశ్చిమ గోదావరి మనిషి. తనూ ఒకప్పుడు నర్సే. కాన్పయ్యాక బిడ్డను చూసుకునేవాళ్ళు లేక ఉద్యోగం వదిలేసి, తనలాంటి తల్లుల కోసం కింది అంతస్తు ఫ్లాటు అద్దెకు తీసుకుని క్రెష్ పెట్టింది. దగ్గర్లోని ఆసుపత్రి నర్సులు, ఆ సొసైటీలో ఉద్యోగాలు చేసే తల్లులు, అక్కడే ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు పిల్లలను ఆమెకు అప్పగించి పనికి వెళ్ళేవారు. టైలు పడగానే సొసైటీ ప్రెసిడెంటు క్రెష్ మూసేయమన్నాడు. అందరూ ఆయన్ను అంకుల్జీ అంటారు. రిటైరైన ప్రభుత్వోద్యోగి. మాట కటువు గానీ అన్యాయం కాదు. "పిల్లాడి తల మీద పడితే నేను ఎవరి మొహం చూడను? బతాయియే, మీరే చెప్పండి" అని మమ్మల్నే అడిగాడు. చివరికి మా రిపోర్టు వచ్చేదాకా ఆగుదామన్నారు. గోడ బాగుందంటే క్రెష్ ఉంటుంది. లేదంటే ఆ వారమే ఖాళీ చేయాలి. చుట్టుపక్కల ఆ అద్దెకు ఇంకో చోటు దొరకదని ఆమె అప్పటికే తిరిగి తిరిగి తెలుసుకుంది.

మేము వెళ్ళిన మొదటి రోజే ఒక గద్ద డ్రోన్ మీదకు దూకింది. ఢిల్లీ గద్దలకు డ్రోన్ అంటే కడుపుమంట. పైలట్ దాన్ని పక్కకు తప్పిస్తూ, "నీ అయ్య! నీ తాత కట్టించిండా బే ఈ బిల్డింగు?" అని ఎలుగెత్తాడు.

క్రెష్ కిటికీలోంచి నవ్వు వినిపించింది. "తమ్ముడూ, దానికి తెలుగు రాదండి. హిందీలో తిట్టండి, ఎల్లిపోద్ది."

అలా పరిచయమైంది. కాసేపటికి అల్లం టీ వచ్చింది. ఆ వెనకే, "ఉత్తినే టీ తాగుతారేంటండి" అంటూ పప్పుచారు, అన్నం వచ్చాయి. పడమటి వైపు ఎండ నిప్పులు చెరుగుతోంది. పైగా ఆ గోడ నిండా ఇనుప స్టాండ్ల మీద కూలర్లు హోరెత్తుతున్నాయి. ఉత్తరం వైపు నీడ, కూలర్లు లేవు, మన భాష, మన చారు. మేము ఎక్కడ చేరామో మీరే ఊహించుకోండి.

ఇక్కడ మీకో పద్ధతి చెప్పాలి. పని మొదలుపెట్టే ముందు, గట్టిగా ఉందని తెలిసిన ఒక చోట గోడను తట్టి, 'ఇదీ మంచి గోడ చప్పుడు' అని కంప్యూటర్‌కు చూపించాలి. మిగతా గోడలన్నిటినీ అది దానితోనే పోల్చుకుంటుంది. ఆ చోటు నిజంగా మంచిదో కాదో ముందు మనిషి చేత్తో సుత్తి పట్టి తట్టి చూడాలి. మేడమ్ ఉత్తరం గోడ దగ్గరకు సుత్తి పట్టుకునే వెళ్ళింది. క్రెష్ ఆవిడ చేతులు జోడిస్తూ బయటికొచ్చింది.

"మేడమ్, మేడమ్! ఇప్పుడే పడుకున్నారండి అందరూ. ఒక్క గంట ఆగండి."

"చిన్నగా కొడతానండి, టూ మినిట్స్."

"కూలర్ హోరులో అయినా పడుకుంటారండి వీళ్ళు, జనరేటర్‌కీ కదలరు. గోడ మీద టక్ మంటే మాత్రం లేచి కూర్చుంటారు. ఒకడు లేచాడంటే పాట అందుకుంటారండి అందరూ!"

మేడమ్ కిటికీలోంచి తొంగి చూసింది. చాపల మీద వరసగా, నోళ్ళు తెరుచుకుని పిల్లలు. ఒక పిల్ల ఇంకొకడి కాలి మీద తల పెట్టుకుంది. మేడమ్ సుత్తి సంచిలో పెట్టేసింది. "ఈ సైడ్ టైల్స్ నీట్‌గానే ఉన్నాయి కదా ఆంటీ. ఎండా లేదు. ఇదే మంచి గోడ అనుకుందాం." నేను, "పాపం, పడుకోనీ" అన్నాను. పైలట్ డ్రోన్‌ను రెండో అంతస్తు ఎత్తుకు లేపి ఆ గోడ చప్పుడే నమూనాగా ఎక్కించాడు. పిల్లలెవరూ లేవలేదు. మాకు అదే పెద్ద విజయంలా అనిపించింది.

భవనమంతా పూర్తయ్యాక కంప్యూటర్ రంగుల బొమ్మ ఇచ్చింది. ఉత్తరం గోడ పచ్చగా, పంట చేనులా ఉంది. పడమర అంతా ఎరుపు. మొదటి రిపోర్టు ఇచ్చేశాం: క్రెష్ పైగోడ క్షేమం, ఆ పడిన టైలు ఒంటరిది, పడమటి గోడ టైల్సు విప్పాలి. ఆ కబురు వినగానే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ నోట దేవుడే పలికించాడు అక్కా" అంది. ఆ రాత్రి నేను చాలాసేపు స్తోత్రం చెప్పుకున్నాను.

వారం తిరక్కముందే అంకుల్జీ ఫోను. పడమటి గోడ టైల్సు విప్పడానికి తాళ్ళ మీద దిగిన మేస్త్రీలకు ఒక్క టైలూ ఊడిరావడం లేదట. ఉలి వెనక్కి ఎగురుతోందట.

"మేడమ్‌జీ, ఆప్ కీ మషీన్ నే భంగ్ పీ రఖీ హై క్యా?" స్పీకర్‌లో ఆయన గొంతు ఆఫీసంతా వినిపించింది. మిషను భంగు తాగిందా అని.

తలుపేసుకుని ముగ్గురం కూర్చున్నాం. మైకు చెడిందా? లేదు. గుండు వదులైందా? లేదు. కూలర్ల అదురు గోడలోకి దిగి మైకును మోసం చేసిందా? కొంత అయ్యుండొచ్చు, కానీ ఇంత ఎరుపు దాని వల్ల రాదు. చివరికి మేడమ్, "ఆంటీ, మనం నమూనా తీసుకున్న చప్పుడు మీరెప్పుడైనా విన్నారా?" అంది. వినలేదు. అనుమానం ఉన్నవే కదా నా దగ్గరికి వచ్చేది. మంచిదని మేమే పేరుపెట్టినదాన్ని ఎవరు వింటారు?

హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ముందు వేరే సొసైటీలో తీసిన మంచి గోడ నమూనా విన్నాను: ఠంగ్, ఠంగ్. తర్వాత మా ఉత్తరం గోడ: డొబ్. డొబ్. హెడ్‌ఫోన్స్ తీసి మేడమ్‌కు ఇచ్చాను. ఆమె విని పైలట్‌కు ఇచ్చింది.

అతను రెండుసార్లు విని హెడ్‌ఫోన్స్ బల్ల మీద పెట్టాడు. "దొంగని తీస్కొచ్చి జడ్జి కుర్చీల కూసోవెట్టినం మేడమ్. ఇగ ఊరంత దొంగలే కనవడ్తరు."

నవ్వు రావాల్సిన మాటే. ఎవరికీ రాలేదు. పచ్చగా చూపించిన గోడే పుచ్చిన గోడ. దాని కిందే ఆ చాపలు.

మేడమ్ ఆ నిమిషమే ఫోను చేసి ఉత్తరం వైపు గుమ్మం మూయించింది, గోడ వారన పిల్లలను ఉంచొద్దని, వెనక గదిలోనే పెట్టుకోమని చెప్పింది. "మళ్ళీ చూస్తున్నాం, ముందుజాగ్రత్త" అంది తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఒకసారి తప్పాం, రెండోసారి కచ్చితంగా తేలేదాకా నోరు విప్పకూడదని ఆమె పట్టు. క్రెష్ ఉండని ఆదివారం పొద్దున్నే మళ్ళీ తట్టాలి. ఈసారి ఇంకే అనుమానానికీ తావుండకూడదు కాబట్టి, ఆ ఒక్క గంటా భవనంలో కూలర్లన్నీ ఆపాలి.

అంకుల్జీ నవ్వాడు. "మే నెలలో, ఈ ఎండల్లో, కూలర్ ఆపమని నేను చెప్పాలా? నాకు ఇక్కడ బతకాలని ఉంది. మీరే చెప్పుకోండి."

ఇంటింటికీ తిరగడం నా వంతు పడింది. నాతో వస్తానని బయల్దేరింది ఎవరనుకున్నారు? క్రెష్ ఆవిడే. "మీకు ఎవరు తలుపు తీస్తారక్కా? నేనైతే వీళ్ళందరికీ తెలుసు. సగం మంది పిల్లలు నా ఒళ్ళో పెరిగినోళ్ళే."

నిజమే. ఆమెను చూడగానే తలుపులు తెరుచుకున్నాయి. ఒక ముసలావిడ, "నా కూలర్ ఆగితే నా ఊపిరి ఆగుతుంది బేటీ" అంటే, "దాదీ, ఆ గంట మా క్రెష్‌లో కూర్చో, కింద చల్లగా ఉంటది, నీ పళ్ళ సెట్టు మాత్రం మర్చిపోకు" అని హిందీలో నవ్వించి ఒప్పించింది. ఒక కుర్రాడు వీడియో గేమ్ మధ్యలో లేచి వచ్చి, "ఏసీ కూడానా దీదీ?" అని దిగాలుగా అడిగాడు. "అది కూడా రాజా. గంటలో కరిగిపోవులే." ప్రతి గుమ్మంలోనూ చివరికి ఒకటే మాట: "మేరే లియే." నా కోసం.

తన క్రెష్ నిలబడుతుందన్న నమ్మకంతో ఆమె తన పరపతినంతా ఖర్చుపెడుతోంది. దేనికి ఖర్చుపెడుతోందో నాకు తెలుసు, ఆమెకు తెలియదు. మేడమ్ చెప్పొద్దంది. ఆమె చెప్పింది తప్పు కూడా కాదు. అయినా మూడో అంతస్తు మెట్ల మలుపులో ఆగిపోయాను.

"అమ్మా, ఒక్కమాట. ఇంకా తేలలేదు. కానీ మేము చెప్పింది తలకిందులైనట్టుంది. చెడ్డది మీ గోడే అనిపిస్తోంది. ఆదివారం అదే తేలితే, ఈ ఇళ్ళ వాళ్ళను మీరు బతిమాలుతున్నది మీ క్రెష్ మూయించుకోడానికే."

ఆమె రెయిలింగ్ పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"మరి ఇన్నాళ్ళూ ఆ గోడ కిందేనా అక్కా పిల్లల్ని ఆడించాను?"

"తెలియక కదా అమ్మా. మేమూ బాగుందనే చెప్పాం."

"ఏమీ కాలేదు కదా." నన్ను అడుగుతోందో, తనకు తనే చెప్పుకుంటోందో తెలియలేదు. "ఏమీ కాలేదు." చున్నీతో మొహం తుడుచుకుంది. మిగతా ఇళ్ళు నేనొక్కదాన్నే తిరుగుతానన్నాను. "మీకెవరు తీస్తారు తలుపు?" అని, వెళ్ళి తర్వాతి ఇంటి గంట నొక్కింది. ఆ గుమ్మం నుంచి "మేరే లియే" అనలేదు. "బచ్చోం కే లియే" అంది. పిల్లల కోసం.

ఆదివారం పొద్దున మేము సామాను దించేసరికి జనం అప్పటికే బాల్కనీల్లోకి వచ్చారు. అంకుల్జీ బనియన్ మీద కండువా వేసుకుని కింద నిలబడ్డాడు. గార్డు ఈల వేశాడు. ఒక కూలర్ ఆగింది. పైన ఇంకొకటి. ఏసీలు, నీళ్ళ పంపు, ఎవరిదో మిక్సీ. ఒక్కో అంతస్తే దీపాలు ఆరిపోయినట్టు హోరు ఆరిపోయింది. ఆ ఇళ్ళ మధ్య అన్ని పావురాలు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు.

మేడమ్ ఈసారి మెట్ల వైపు గోడను సుత్తితో తానే తట్టింది. నన్నూ తట్టమంది, పైలట్‌నూ తట్టమంది. ముగ్గురం గట్టిదని ఒప్పుకున్నాకే దాన్ని నమూనాగా తీసుకున్నాం. డ్రోన్ లేచింది. నేను నీడలో స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకుని వినడం మొదలుపెట్టాను. గోడ బాగుండాలని అడగలేదు. అప్పటికే ఉన్న గోడ నా ప్రార్థనకు మారదు కదా. మేము ఈసారి సరిగ్గా వినాలని మాత్రం అడిగాను.

పడమటి గోడ: ఠంగ్, ఠంగ్, ఠంగ్. నాలుగు చోట్ల తప్ప అంతా గట్టిదే. ఉత్తరం గోడ పై నుంచి కింది దాకా డొబ్, డొబ్, డొబ్. పైకప్పు మీద పగిలిన గొట్టం నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ టైల్సు వెనక్కి దిగాయని తర్వాత తెలిసింది. నీడలో ఉండే గోడ, ఆరే దారి లేదు.

పైలట్ డ్రోన్ దించి ఆపేశాడు. అప్పుడు వచ్చింది అసలు నిశ్శబ్దం. మేడమ్ తలకు హెల్మెట్ పెట్టుకుని, సుత్తి పట్టుకుని క్రెష్ గోడ దగ్గరకు నడిచింది. చేతికందే ఎత్తులో ఒకటే దెబ్బ, మెల్లగా కొట్టింది.

డొబ్.

ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. నాలుగో అంతస్తు బాల్కనీలో ఎవరో "హే రామ్" అన్నారు. హెడ్‌ఫోన్స్ అక్కర్లేకపోయింది, రంగుల బొమ్మా అక్కర్లేకపోయింది. సొసైటీ మొత్తం తన చెవులతో తనే విన్నది.

అంకుల్జీ కండువాతో మెడ తుడుచుకున్నాడు. తనే గెలిచాడు, కానీ ఆయన మొహంలో గెలుపు లేదు. క్రెష్ ఆవిడ దగ్గరికి వచ్చి హిందీలో నెమ్మదిగా అన్నాడు: "బేటీ, ఇవాళే ఖాళీ చేయాలి. తెలుసు కదా."

"తెలుసు అంకుల్జీ." ఆ తర్వాత, ఎవరితో అన్నట్టూ కాకుండా, "రేపు పొద్దున డ్యూటీకి వచ్చేవాళ్ళు పిల్లల్ని ఎక్కడ దింపుతారు?" అంది.

ఆమె గట్టిగా అనలేదు. మామూలు రోజైతే రెండడుగుల దూరంలో ఉన్న నాకు కూడా వినిపించేది కాదు. ఆ రోజు పై అంతస్తు దాకా వినిపించింది.

"మా హాలు పగలంతా ఖాళీయే!" ఎదుటి వైపు రెండో అంతస్తు నుంచి ఒక ఆడగొంతు. "ఇద్దరం ఆఫీసుకు పోతాం. తాళం తీసుకో దీదీ!"

"మెట్లెక్కించి పసిపిల్లల్నా?" ఇంకో బాల్కనీ. "మాది కింది అంతస్తు. సోఫా తీసేస్తాం."

"నీ సోఫాను మేమంతా చూశాం, అది తీస్తే నీ ఇంట్లో గోడలు తప్ప ఏం మిగలదు!" ఎవరో నవ్వారు. దాదీ తన వంతుగా, పిల్లలకు పొద్దున పాట నేర్పుతానని అరిచింది. పళ్ళ సెట్టు లేకుండానే.

బాల్కనీలు ఇలా వాదించుకుంటుంటే అంకుల్జీ గొంతు సవరించుకున్నాడు. "ఆగండి, ఆగండి. కమిటీ రూము ఉంది కదా. మా మీటింగు నెలకొకటి. చెట్టు కింద కూర్చుంటాం." కాస్త ఆగి, చిరాకుగా, "చాయ్ అక్కడా తాగొచ్చు" అన్నాడు.

ఉత్తరం గోడ టైల్సు విప్పి కొత్తవి అంటించడానికి ఆ వర్షాకాలం, దాని తర్వాతి చలికాలం పట్టింది. అన్నాళ్ళూ క్రెష్ కమిటీ రూములోనే నడిచింది. ఆ తర్వాత కూడా ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ ఉదయానికి వస్తే, మేము అడిగిన గంట ఎప్పుడో దాటిపోయింది. ఎండ బాల్కనీల్లోకి ఎక్కింది. అయినా ఒక్క కూలరూ మొదలవలేదు. ముందుగా మీట నొక్కడానికి ఎవరికీ మనసొప్పలేదనుకుంటాను.

ఆమె ఆ గోడకు దూరంగా నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని పైకి చూసింది. చోటు పోయి, చోటు దొరికి, కళ్ళింకా తడిగా ఉన్న ఆ మనిషే అందర్నీ కేకలేసింది:

"అరే, ఇంకా ఏం చూస్తున్నారు? కూలర్ చలా లో! మీ ఇళ్ళల్లో పిల్లలకు చెమటలు పడుతున్నాయి!"

మూడో అంతస్తులో ఒకటి గర్రుమంది. తర్వాత దాని పక్కది. నా హెడ్‌ఫోన్స్ మెడలోనే ఉన్నాయి. ఆ హోరు వినపడకుండా వాటిని చెవులకు పెట్టుకోవాలని అనిపించలేదు.